మేతబీడులో చాటింపు

ఆటో పైకప్పుకు స్పీకరును తాడుతో బిగించి, బ్యాటరీ కొసలకు పట్టిన తెల్లటి పొడిని గోరుతో గీకుతున్నాడు మైకాయన. అసలు పేరు ఓటరు కార్డులో ఉంటుంది, జనం నోట్లో మాత్రం మైకాయనే. పొట్టి మనిషి, మెడ నరాలు తాళ్లలా ఉబ్బి ఉంటాయి. నీళ్లు రావని, పన్ను కట్టమని, పిల్ల తప్పిపోయిందని ఏళ్ల తరబడి ఊరికి చెబుతూనే ఉన్నాడు. ఇంట్లో రెండు మాటలంటే మూడోది ఉండదు.

"గొంతంతా ఊరికి పోసి, ఇంటికి దగ్గు తెస్తావు," అంది భార్య, నీళ్ల సీసా సీటు మీద పెడుతూ.

"ఆ దగ్గు వినకపోతే నీకు తెల్లారదు కదే."

ఆ రోజు చాటాల్సింది కరెంటు సంగతి. ఊరి వెనక బీడంతా సోలారు పలకలు పరుస్తారట. రేపు పొద్దున బడి ఆవరణలో అభిప్రాయ సేకరణ. ఎవరూ కాదనకపోతే బీడు చుట్టూ కంచె పడుతుంది. కరెంటు ఎవరికి చేదు? మైకాయన బ్యాటరీ చార్జింగుకు పెట్టిన రోజే అది పోతుంది. కానీ ఆ బీడు మీద గొర్రెలు బతుకుతున్నాయి, గొర్రెల మీద పడమటి వాడ బతుకుతోంది. గడ్డి దుబ్బుల్లో పిట్టలు గుడ్లు పెట్టుకుంటాయి. కాగితంలో మాత్రం దాన్ని ఖాళీ భూమి అని రాశారు. రాసినవాడు కుర్చీలోంచి లేవలేదన్నమాట.

పడమటి వాడలో అన్ని ఇళ్లకూ తాళాలే. గొర్రెలు ఈనే కాలం. కాపరులు మందతో పాటే రాత్రుళ్లు కూడా బీడులోనే పడుకుంటారు. ఒక కుక్క మాత్రం ఆటో వెంట పడి చాటింపంతా విన్నది. పంచాయతీ ఆఫీసు గుమాస్తా బైకు ఆపి, సెల్‌ఫోనుతో ఫొటో తీసుకున్నాడు.

"తాళాలకు చెప్తున్నానేంటి సార్ నేను?"

"వీధుల్లో చాటమన్నారు, చాటావు. ఫొటో వచ్చింది. ఇక బండి తిప్పు."

"వాళ్లు బీడులో ఉన్నారు."

"బీడులో వీధి ఉందా?" గుమాస్తా తన మాటకు తానే నవ్వుకున్నాడు.

"వీధి లేదు గానీ చెవులున్నాయి."

"డీజిలు నీదైతే పో మరి."

అభిప్రాయ సేకరణంటే ఇదే. మనిషి ఇంట్లో లేని వేళ చూసుకుని తలుపు కొట్టడం.

బీడుకు పోయే దారిలో ఆటో వాగు ఇసుకలో కూరుకుపోయింది. మైకాయన తువ్వాలు చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, దాని మీద బ్యాటరీ ఎత్తుకున్నాడు. స్పీకరు చంకలో పెట్టుకున్నాడు. దిబ్బ ఎక్కేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. కాసేపు వంగి నిలబడి, తర్వాత మీట నొక్కాడు.

"బీడులో ఉన్నోళ్లందరికీ చెప్పేదేంటంటే, రేపు పొద్దున బడికి రండి. ఈ బీడుకు కంచె వేస్తారంట. రాకపోతే మీకు ఇష్టమేనని రాసుకుంటారు."

గొర్రెలు తలలెత్తాయి. దూరంగా ఒకరు చేతికర్ర పైకెత్తారు. కంబళి భుజాన వేసుకున్న కాపరి ముసలమ్మ దిబ్బెక్కి వచ్చింది.

"ఎవరి పెళ్లయ్యా, మైకు పెట్టావు?"

"నీదే అవ్వా. పెళ్లికొడుకుని రేపు బడిలో చూసుకుందువు."

అతను నవ్వకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఆమె కూడా నవ్వు ఆపింది.

"అందరం వస్తే మందనెవరు చూస్తారు?"

"మందతోనే రండి."

"బడి నిండిపోద్ది."

"నిండనీ."

ఆమె అతని మొహంలోకి తేరిపార చూసింది. "పాలిపోయావేంటి, కూర్చో. మందలో మేకలున్నాయి, పాలు పిండుకొస్తా."

అతను రాయికి ఆనుకుని కూర్చున్నాడు. బ్యాటరీ వృథా కాకుండా మీట ఆపేశాడు.

ఆమె వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు, తల మాత్రం ఒక పక్కకు వాలింది. పిలిచింది. చేతిలోది కింద పెట్టి, ముక్కు దగ్గర వేలు ఉంచి చూసింది. తర్వాత కంబళి అతని మీద కప్పింది.

కబురు విని సాయంత్రం భార్య వచ్చింది. ఏడవడానికి ముందు ఒక్క మాటే అడిగింది.

"చెప్పడం అయిందా?"

"అయిందమ్మా. రెండుసార్లు చెప్పాడు," అంది ముసలమ్మ.

మర్నాడు బడి ఆవరణలోకి మంద దిగింది. గుమాస్తా బల్లెక్కి నిలబడ్డాడు. సభ వాయిదా వేశారు, బీడు మళ్లీ కొలుస్తామన్నారు. కంచె ఎంత మేర జరుగుతుందో ఇంకా తేలలేదు.

దిబ్బ మీద, రాయి పక్కన, సత్తు గిన్నెలో మేకపాలు ఎండకు విరిగిపోయాయి, అంచు చుట్టూ చీమలు తిరుగుతున్నాయి.