వత్సల బోర్డులు

రెండువేల పదకొండు జూలై పన్నెండు, మంగళవారం. ముందురోజు ఆషాఢ ఏకాదశికి చేసుకున్న సగ్గుబియ్యం ఖిచిడీ మిగిలితే, వేడిచేసుకుని తిని కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెర మీద ఎర్రటి గడి వచ్చింది. కంప్యూటరులో వైరస్ ఉందట.

అందులో నావి అంటూ పెద్దగా ఏమీ లేవు. ఉన్నదల్లా నా భార్య వత్సల రాసిన బోర్డులు. మా సదాశివ పేఠ్‌లో బోర్డు లేని గుమ్మం ఉండదు. మా వీధిలో సగం బోర్డులు వత్సలే రాసిచ్చింది. ‘బెల్లు ఒకసారి కొడితే చాలు. చెవులు బాగానే ఉన్నాయి, నొప్పి మోకాళ్లకే.’ ఇలాంటివి నూట నలభై, ఒకే ఫైలులో. ఆమె పోయి రెండేళ్లు. రోజుకొకటి చదువుకుంటాను.

కింది వాటా దామ్లేని పిలిచాను. ఆయన తలుపు వేశాడంటే మూడిళ్లకు తెలుస్తుంది.

“ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా ఆప్టే?”

“నిన్న నువ్విచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచే అనుకుంటా.”

“అందులో ఉన్నవి పాండురంగడి భజనలు. ఆయనకు వైరస్ అంటగడతావా?”

ఇద్దరం కంప్యూటరు దుకాణానికి వెళ్లేసరికి ఒంటిగంట దాటి రెండు నిమిషాలైంది. షట్టరు మీద బోర్డు: ‘ఒంటిగంట నుంచి నాలుగు వరకు విశ్రాంతి. వైరస్‌లు కూడా గమనించగలరు.’ అదీ వత్సల రాసిందే. తప్పు మాదే కాబట్టి ఇంటికొచ్చి పడుకున్నాం.

నాలుగింటికి దుకాణం యజమాని ముగ్ధ రెండు యాంటీవైరస్ డబ్బాలు ముందు పెట్టింది.

“అన్నిటికంటే గట్టిది ఏదమ్మా?” అన్నాడు దామ్లే.

“ఇది కాకా. అనుమానం వస్తే చాలు. అడగదు, చెప్పదు, తీసి పారేస్తుంది.”

“మా కోడలి లాంటిదన్నమాట. ఇదే ఇచ్చెయ్.”

“ఒకవేళ మంచి ఫైలే అయితే?” అన్నాను.

“ఒక్కోసారి పోవచ్చు ఆప్టేకాకా. ఈ రెండోది ముందు అడుగుతుంది. కానీ జనం వెనక్కి తెచ్చిచ్చేస్తున్నారు, ప్రతిదానికీ ప్రాణం తీస్తుందని.”

“అదే ఇవ్వు.”

“లోపలికి రావచ్చా అని దొంగ తరఫున అడిగే కాపలావాడు ఎందుకయ్యా నీకు?” అన్నాడు దామ్లే.

“నలభై ఏళ్లు మా ఇంట్లో పాత పేపరు కూడా అడక్కుండా బయటకు పోలేదు, దామ్లే.”

ఆ సాయంత్రం ముగ్ధే వచ్చి దాన్ని ఎక్కించింది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు తనంతట తాను వెతికేలా పెట్టింది. ఆ వేళప్పుడు ఎవరూ వాడరు కదా అంది. మేమిద్దరం తలూపాం. ఎవరూ లేనప్పుడు అది ఎవరిని అడుగుతుందన్నది ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు భోంచేసి పడుకుని, నాలుగింటికి లేచి టీకి నీళ్లు పెట్టి తెర వైపు చూశాను. ‘వత్సల బోర్డులు’ ఫైలుకు వైరస్ అంటుకుంది. శుభ్రం చేయాలా, తీసివేయాలా, వదిలేయాలా? అడిగిన సమయం: ఒంటిగంట తొమ్మిది నిమిషాలు. అప్పటినుంచి ఫైలు జోలికి పోకుండా, నన్ను లేపకుండా, దాదాపు మూడు గంటలు కూర్చుంది పాపం.

దామ్లేని కేకేశాను. మెట్లెక్కి వచ్చాడు.

“శుభ్రం చెయ్యమను,” అన్నాడు మెల్లగా. తనే నొక్కాడు. ఆకుపచ్చ గీత పాకుతున్నంతసేపూ ఆయన పెదవులు పాండురంగణ్ణే తలుచుకున్నాయి. కొంత తప్పు ఆయనదని ఇద్దరికీ తెలుసు.

ఫైలు తెరుచుకుంది. నూట నలభైకి నూట నలభై ఉన్నాయి. దామ్లే ఒక్కొక్కటే చదువుతూ, నవ్వుతూ వచ్చి, చివరిదాని దగ్గర ఆగిపోయాడు.

‘కింది వాటావారికి: తలుపు గేదె కాదు, బాదితేనే కదలడానికి. మెల్లగా నెట్టినా మూసుకుంటుంది.’

“ఇది నాకేనా?”

“నీకే.”

“మరి అతికించలేదేం?”

“నువ్వు నొచ్చుకుంటావని దాచమంది.”

దామ్లే కళ్లజోడు తుడుచుకున్నాడు. “గేదె అనడం బాగుంది,” అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు, రోజూ పడే చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. పడలేదు. వసారాలోంచి వంగి చూశాను. దామ్లే రెండు చేతులతో తలుపు రెక్క పట్టుకుని, నిద్రపోయిన పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెడుతున్నట్టు, మెల్లగా మూస్తున్నాడు.