పడనివి

చిరిగిన బట్టలో చిరుగు కనబడకుండా దారాలు అల్లడం నా పని. రఫూ అంటారు. పోయిన వారం నల్ల ప్యాంటుకి ముదురు నీలం దారంతో రఫూ చేశాను. కొట్టు యజమానురాలు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, "సోమవారానికి కళ్ళజోడు పెట్టుకుని రా. లేకపోతే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడు," అంది.

కళ్ళజోడు లేక కాదు. నాలుగున్నాయి. ఏది పెట్టుకున్నా గంట తిరక్కుండా ముక్కు దూలం మీద రెండు ఎర్రటి దద్దుర్లు, చెవుల వెనక మంట.

కళ్ళజోళ్ళ దుకాణంలో ఆవిడ నా ముక్కుకేసి చూసి ఒక కాగితం ఇచ్చింది. పైన "మీకు పడనివి" అని ఉంది. కింద నాలుగు గళ్ళు. నికెల్, రబ్బరు, ప్లాస్టిక్ అని రాశాను. ఖాళీ గడి చూస్తే నాకు ఊపిరాడదు. నాలుగో దాంట్లో "బావ" అని రాశాను.

ఆవిడ నవ్వలేదు. "అన్నీ పరీక్షించాలి. ఆయనది ఏదైనా వస్తువుందా?"

ఉంది. తొమ్మిదేళ్ళ కిందట బావ రఫూకి ఇచ్చిన బూడిదరంగు కోటు నా బీరువాలోనే ఉంది. అది ఇచ్చిన రోజే అక్క ఇంట్లో భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ, "వీడికి ముక్కు మీదే కోపం," అన్నాడు. లేచి వచ్చేశాను. కోటు చేతిలోనే ఉందని వీధి మలుపు దాకా గమనించలేదు. ఆ తర్వాత మాటల్లేవు.

కోటు గుండీ ఒకటి తెంపి ఇచ్చాను. ఆవిడ నా ముంజేతి మీద వరసగా నికెల్ బిళ్ళ, రబ్బరు ముక్క, ప్లాస్టిక్ ముక్క, బావ గుండీ పెట్టి పట్టీ వేసింది. రెండు రోజుల తర్వాత విప్పింది. మొదటి మూడు చోట్లా ఎర్రగా పొంగింది. పట్టీ జిగురు తగిలిన చోటా పొంగింది. గుండీ కింద మాత్రం చర్మం చల్లగా, నున్నగా ఉంది.

"మీ బావగారు మీకు పడ్డారండీ," అంది.

"పడరండీ. తొమ్మిదేళ్ళుగా పడరు."

"చర్మం ఒప్పుకుంటోందిగా."

"చర్మానికేం తెలుసు? ఆ రోజు భోజనాల దగ్గర అది లేదు."

"ఎందుకు లేదు? మీతోనే వచ్చుంటుందిగా!"

నాలో ఇన్నేళ్ళూ కదలకుండా నిలబడ్డది ఆ కోపం ఒక్కటే. మిగతా అభిప్రాయాలన్నీ దాని చుట్టూ సర్దుకుని బతికాయి. ఇప్పుడు గుండీ అంత చోట నా ఒళ్ళే నన్ను కాదంది.

"ఆయన పాత కళ్ళజోడు ఏదైనా తెచ్చుకోండి. మీ అద్దాలు అందులో బిగిస్తాను," అంది.

శనివారం అక్క ఇంటికి వెళ్ళాను. బావే తలుపు తీశాడు.

"కోటు తెచ్చావా?" అన్నాడు, నిన్ననే ఇచ్చినట్టు.

"లేదు. మీ పాత కళ్ళజోడు కావాలి."

"కోటు అయింది, ఇప్పుడు కళ్ళజోడా? ఇక మిగిలింది నా పళ్ళసెట్టు. అదీ పట్టుకెళ్ళరా!"

"ఎవరండీ?" లోపలి నుంచి అక్క.

"మీ తమ్ముడే. నన్ను విడతలవారీగా పట్టుకుపోతున్నాడు!"

విషయం చెప్పాను. బావ సొరుగంతా వెతికి లావుపాటి నల్ల కళ్ళజోడు తెచ్చి తానే నా ముక్కు మీద పెట్టాడు. అక్క గోడ గడియారం దించి ఒళ్ళో పెట్టుకుంది. గంట సేపు ముగ్గురం కదలకుండా నా ముక్కు కోసం కూర్చున్నాం. అతని అద్దాల్లోంచి వాళ్ళిద్దరూ నీళ్ళలో ఉన్నట్టు వంకర్లు తిరుగుతున్నారు. ఎక్కడా దురద లేదు.

బావ దగ్గరికి వంగి రెండు పక్కలా చూశాడు. అతని ముఖంలో నిరాశ స్పష్టంగా కనబడింది.

"ఎర్రబడలేదే. అయితే ఆ రోజు నేనన్నది తప్పేరా," అన్నాడు.

"ఇన్నాళ్ళకా!" అంది అక్క, గడియారం మేకుకి తగిలిస్తూ. "చెయ్యి కడుక్కో, తిందువుగాని."

సోమవారం నా అద్దాలు బిగించిన ఆ కళ్ళజోడుతో కొట్టుకి వెళ్ళాను. యజమానురాలు కిటికీ దగ్గర నా మొదటి పని చూసి ఇంకో రెండు ప్యాంట్లు నా ముందు పెట్టింది. ఇస్త్రీ బల్ల తప్పింది. సాయంత్రం అందరూ వెళ్ళాక, ఇంటి నుంచి తెచ్చుకున్న బావ కోటు తీశాను. చిరుగు గోరంత కూడా లేదు. పదిహేను నిమిషాల పని. అయ్యాక ఆ చిరుగు ఎక్కడుండేదో నాకే తెలియలేదు.

కోటు అక్కకి పంపించాను. గుండీ మాత్రం కుట్టలేదు, నా జేబులో ఉంచుకున్నాను. దాని కోసం బావ కొట్టు దాకా వచ్చి గొడవ పెట్టుకోవడం ఖాయం. రోజూ ఒకసారి తలెత్తి వీధి వైపు చూస్తున్నాను. ఈ కళ్ళజోడుతో చాలా దూరం కనబడుతోంది.