కురచకాలి పరీక్ష బల్ల

నేను ఒక పరీక్ష బల్లను. రోగులు నా మీద పడుకుంటారు, డాక్టర్లు వాళ్లను నొక్కి చూస్తారు, ఇద్దరిలో ఎవరూ నిజం పూర్తిగా చెప్పరు. ముప్పై ఏళ్లు దాటి ఇదే చూస్తున్నాను కాబట్టి నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఎవరైనా "అబ్బే, నొప్పేం లేదండీ" అంటే ముందు వాళ్ల చేతులు నా అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాయో గమనిస్తాను.

నన్ను చేసింది కనకాచారి అనే వడ్రంగి. మద్ది చెక్క, గట్టి పని. నాలుగో కాలు కోసే వేళకు ఎవరో కబుర్లకొచ్చారు. ఆ మాటల్లో అర అంగుళం ఎక్కువ కోసేశాడు. కొనుక్కెళ్లినవాడు బల్ల ఊగుతోందని వస్తే మాత్రం "మీ నేలే ఎగుడుదిగుడుగా ఉందండి" అన్నాడు. నా బతుకు అలా ఒక అబద్ధంతో మొదలైంది.

ఆ కొన్నవాడు సత్యం మాస్టారు. పట్టా లేదు, బోర్డు ఉంది. పట్టేసిన నడుములు సరిచేస్తానని రాయించుకున్నాడు. మనిషిని నా మీద బోర్లా పడుకోబెట్టి, మోకాలు ఆనించి ఒక్క విసురు విసిరేవాడు. టక్కుమనేది. ఆ చప్పుడు వింటే జనానికి సంతోషం, ఏదో జరిగిందని. ఒకరోజు కొబ్బరిచెట్లెక్కే కుర్రవాడు నడిచి వచ్చాడు. టక్కుమన్నాక కాళ్లలో స్పర్శ పోయి, మంచం మీద మోయించుకుని వెళ్లాడు. "రెండ్రోజుల్లో సర్దుకుంటుంది" అన్న మాస్టారు ఆ వారమే దుకాణం ఎత్తేశాడు. ఆ కుర్రవాడి చెమట చాలా రోజులు నా చెక్కలో ఉంది. అప్పటినుంచి చేతులతో వైద్యం చేస్తామనే వాళ్లెవరొచ్చినా నాకు భయమే.

తర్వాత విజయనగరం వైపున్న ఒక వైద్య కళాశాల నన్ను తీసుకుంది. ఆకుపచ్చ రెక్సిన్ తొడిగి ఎముకల విభాగంలో, విద్యార్థులకు పాఠం చెప్పే గదిలో వేశారు. అక్కడే గౌరునాయుడు నాకు పరిచయం.

గౌరునాయుడు జూట్ మిల్లులో పనిచేసి మానేసినవాడు. నడుం కింది భాగంలో డిస్క్ జారిన కేసు. చెప్పాలంటే ఆయన రోగి కన్నా పరీక్షల మనిషి. ఏటా ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు చూసి జబ్బేమిటో చెప్పడానికి కాలేజీవాళ్లు ఆయన్నే పిలిపిస్తారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా మీద పడుకుంటాడు. వణికిపోతున్న విద్యార్థిని చూసి, పరీక్షాధికారి అటు తిరగగానే మెల్లిగా అందిస్తాడు. "డిస్కు బాబూ. ఎడమ కాలు. బొటనేలు పైకి లేవదని రాసీ." పన్నెండేళ్లలో ఎంతమందిని గట్టెక్కించాడో లెక్కలేదు. ఆయన ఊళ్లో అందరికీ చెప్పుకునే గొప్ప అదొక్కటే.

ఒక ఏడాది కళాశాలకు డాక్టర్ రెబెకా వచ్చింది. అమెరికాలో ఆస్టియోపతీ చదివి పాతికేళ్లు పనిచేసిందట. ఫైనలియర్ వాళ్లకు ఆ వైద్యం పరిచయం చేయడానికి ఒక పూట ఇచ్చారు. అక్కడ ఆ చదువు చదివినవాళ్లూ పూర్తి డాక్టర్లే, మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు, దానికి తోడు కండరాలనూ కీళ్లనూ చేత్తో చూసి సరిచేయడం నేర్చుకుంటారు అని ఆమె చెబుతుంటే, ఎముకల విభాగం పెద్ద ప్రొఫెసర్ పట్నాయక్ గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మసాజుకు మంచి పేరు పెట్టారు మేడమ్" అన్నాడు.

నాకూ అదే అనిపించింది. విద్యార్థుల మీద అంతకన్నా అనుమానం వేసింది. నలభైమందీ ఫోన్లు పైకెత్తి ఉన్నారు. వాళ్లకు కావలసింది టక్కుమనే చప్పుడు.

చూపించడానికి మనిషి కావాలి కదా. ఇంకెవరు, గౌరునాయుడే. పట్నాయక్ ఫైలు తెచ్చి ఇచ్చాడు. అందులో పన్నెండేళ్లుగా డిస్కు అని ఒకటే మాట ఉంది. కానీ ఆయన నా మీదకు ఎక్కగానే నాకు తేడా తెలిసింది. ఎప్పుడూ దబ్బున వాలిపోయే మనిషి ఆ రోజు రెండు చేతులతో నా అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి మెల్లిగా ఒరిగాడు. బరువు తగ్గాడు. అరచేతులు వెచ్చగా ఉన్నాయి. ఈ వీపును ఆమె విసిరితే కొబ్బరిచెట్టు కుర్రవాడికి జరిగిందే జరుగుతుంది. చెప్పడానికి నాకు నోరు లేదు. అంత బాధ నేనెప్పుడూ పడలేదు.

ఆయన్ను బోర్లా పడుకోబెట్టి "ఏం కనిపిస్తోంది?" అని అడిగింది రెబెకా.

"నడుం ఎడమవైపు వాలింది మేడమ్" అన్నారు చాలామంది.

ఆమె నీళ్ల సీసా తీసి ఆయన పక్కన నా మీద అడ్డంగా పెట్టింది. అది దొర్లుకుంటూ పోయి కింద పడింది. ఆమె వంగి నా నాలుగో కాలు చూసింది.

"ఈ బల్ల మీద ఎన్నాళ్లనుంచి నడుములు చూస్తున్నారు?"

ఆమె చేతితొడుగుల అట్టపెట్టె చింపి, మడిచి నా కాలి కింద పెట్టింది. నాకు సిగ్గేసింది. అందరినీ అనుమానించే నేను ఇన్నేళ్లుగా వందలమంది నడుముల మీద తప్పుడు సాక్ష్యం చెప్పానన్నమాట.

"ఫోన్లు లోపల పెట్టండి. ఒక్కొక్కరూ వచ్చి ఊరికే చెయ్యి ఆనించండి. ఏమీ చెయ్యొద్దు" అంది.

మూడోగా వచ్చింది ప్రణవి అనే అమ్మాయి. ఆమె వేళ్లు నడుం దగ్గర ఆగక పైకి వెళ్లాయి. "మేడమ్, ఫైల్లో నొప్పి కింద అని ఉంది. ఇక్కడ పైన ఒక పూస బుడిపెలా తగులుతోంది. చుట్టూ కండ బిగుసుకుపోయింది."

రెబెకా వేలితో అక్కడ మెల్లిగా తట్టింది. గౌరునాయుడు నా అంచును పట్టి నలిపేశాడు.

"సాయంత్రాలు జ్వరం వస్తోందా నాయుడుగారూ?"

"నేదమ్మా. డిస్కేనమ్మా. ఎడమ కాలు, బొటనేలు..."

ప్రణవి నేలమీద కూర్చుని ఆయన మొహానికి తన మొహం దగ్గరగా తెచ్చింది. "తాతా, మా అక్క పరీక్షలో నువ్వే చెప్పావంట. అది రోజూ తలుచుకుంటుంది. ఇప్పుడు నాకూ చెప్పు. నిజం చెప్పు."

నా రెక్సిన్ మీద ఒక కన్నీటి చుక్క పడింది.

"రెండు నెల్లనుండి పొద్దుగూకితే ఒల్లు కాలిపోతందమ్మా. నడుత్తుంటే కాల్లు బరువెక్కిపోతన్నాయి. జబ్బు మారిపోనాదని తెలిత్తే నన్నింక పరీచ్చలకి పిలుత్తారేటి? అందుకే సెప్పనేదు."

రెబెకా రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. "ఈ రోజు ఈ వీపు మీద నేను చేసే పనేమీ లేదు. వెంటనే స్కాన్ తీయించండి. చెయ్యి ఎక్కడ పెట్టాలో కన్నా ఎక్కడ పెట్టకూడదో ముందు తెలియాలి. నేను చెప్పడానికి వచ్చింది అదే."

విద్యార్థుల్లో కొందరికి నిరాశే. పట్నాయక్ మాత్రం ఫైలు మూసి, "ఈ ఏడు నేనీయన్ని ముట్టుకోకుండానే సంతకం పెట్టాను" అన్నాడు. అంతమంది పిల్లల ముందు ఒక ప్రొఫెసర్ అలా అనడం నేను వినడం అదే మొదటిసారి. స్ట్రెచర్ తెప్పించి, వీపు కదలకుండా తనే ఆయన్ను దాని మీదకు చేర్చాడు.

వెన్నుపూసకు క్షయ అని తేలింది. ఒక్క విసురు విసిరితే కాళ్లు పోయేవని తర్వాత తరగతిలో పట్నాయక్ నా మీద చెయ్యి వేసి చెప్పాడు. గౌరునాయుడు ఏడాది పైగా మందులు మింగాడు. వీపుకు బిగించిన పట్టీలో ఉక్కపోస్తోందని అందరి దగ్గరా తిట్టుకున్నాడు. కాళ్లు దక్కాయి.

మొన్న ప్రాక్టికల్స్‌కు మళ్లీ పిలిచారు. ఇస్త్రీ చొక్కాతో నడిచి వచ్చి, పాత అలవాటు ప్రకారం దబ్బున వాలాడు. నా కాలి కింది అట్ట తీసేసి ఇప్పుడు చెక్క ముక్క కొట్టారు కాబట్టి నేను కదల్లేదు. ఎదురుగా ఒక కుర్రవాడు నుదుటి చెమట తుడుచుకుంటూ, పరీక్షాధికారి అటు తిరగగానే వంగి, "తాతా, ఏం కేసు?" అన్నాడు.

గౌరునాయుడు పక్కకు ఒత్తిగిలి, వాడి చెయ్యి పట్టుకుని తన వీపు మీద పెట్టుకున్నాడు.

"సెప్పను బాబూ. సూసుకో."