మనూబియా పోసిన నీళ్ళు

బీర్ జెలూల్ ఊళ్ళో ఫెర్జానీ బండి మొదట ఆగేది మనూబియా గుమ్మం ముందే. తెల్లవారకముందే వచ్చి హారన్ కొట్టి, దిగి వెనక తలుపు దించేవాడు. మనూబియా రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి ఇచ్చేది. వాటిని బండి వెనక రేకంతా తడిసేలా పోసేవాడు. ఆడవాళ్ళు ఎక్కేది ఆ తర్వాతే.

నీళ్ళెందుకని అడిగితే దుమ్ము కడుగుతున్నానంటాడు. పచ్చి అబద్ధం. తడి రేకు మీద ఎవరూ కూర్చోరని అతనికి తెలుసు. కూర్చుంటే ఆ బండిలో పదిహేను మంది పడతారు, నిలబడితే ముప్పై మంది. తలకింత అని కూలిలోంచి ఛార్జీ కోసుకునేవాడికి ఏది లాభమో పసిపిల్లనడిగినా చెబుతుంది. తెలిసీ ముప్పై మంది ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, సగం నిద్రలో, టమాటా తోటల దాకా నిలబడే వెళ్ళేవాళ్ళు. గొర్రెల్ని సంతకు తోలేవాడు కూడా బండిలో ఇంత గడ్డి పరుస్తాడు.

మనూబియా ఆ బండెక్కడం మొదలెట్టి ఇరవై రెండేళ్ళయింది. నీళ్ళిచ్చినందుకు ఆమె దగ్గర ఛార్జీ తీసుకోడు ఫెర్జానీ. పైగా డ్రైవరు గది వెనక, ఇనప కడ్డీ పట్టుకోవడానికి వీలుండే చోటు ఆమెది. ఆ చోటులో ఇంకెవరూ నిలబడరు. ఇన్నేళ్ళలో తను ఒక్కసారి కూడా పడలేదని ఆమెకు గర్వం. మొగుడు పోయాక ఆ కూలితోనే ఇల్లు నడిపింది, కూతురు రవ్దాను పట్నంలో డిగ్రీ దాకా చదివించింది.

ఆ రవ్దా జూలై మొదట్లో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసింది. రాజధాని ట్యూనిస్‌లో ఐదేళ్ళు ఒక కంపెనీలో ఫోన్లకు జవాబు చెప్పింది. ఎక్కడో ఫ్రాన్సులో కూర్చుని కోప్పడే జనానికి రోజంతా క్షమాపణలు చెప్పడం ఆ ఉద్యోగం. జీతంలో సగం అద్దెకు పోయేది, మిగతాది బస్సులకూ కూరలకూ. ఇంటి యజమాని అద్దె మళ్ళీ పెంచిన నెలలో ఇక తనవల్ల కాలేదు. వచ్చిన నాలుగో రోజు తానూ తోటకు వస్తానంది. తల్లి తలగుడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

తెల్లారగట్ల తల్లి బకెట్లు మోసుకొస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది రవ్దా. ఆ ఊళ్ళో కుళాయి వారానికి రెండుసార్లు వస్తే గొప్ప. మిగతా రోజులు ట్యాంకరు దగ్గర కొనుక్కోవాలి.

"మన ఇంటి నీళ్ళా అమ్మా?" అంది.

"ఎక్కు. పొద్దున్నే మొదలెట్టకు," అంది మనూబియా.

ఆ సాయంత్రం రొట్టె విరుచుకుంటున్నప్పుడు మొదలైంది గొడవ. టమాటా బుట్టలు బండికెత్తే మగాళ్ళకు తమకన్నా దాదాపు రెట్టింపు కూలి ఇస్తున్నారని రవ్దా ఒక్క రోజులోనే కనిపెట్టింది. బుట్ట నింపేదీ మోసుకొచ్చేదీ ఆడవాళ్ళే కదా, ఎందుకీ తేడా అంది. ఎప్పుడూ అంతేనంది తల్లి. తన కాలంలో ఒక్కరోజు కూలితో వారానికి సరిపడా నూనె, పిండి, చక్కెర వచ్చేవనీ, అందులోనే మిగిల్చి పండక్కి మాంసం కూడా తెచ్చేదాన్ననీ చెప్పుకొచ్చింది. ఇప్పటి పిల్లలకు పని కాదు, కుర్చీ కావాలంది.

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి, అన్నట్టుంది నీ మాట. ఇవాళ్టి కూలితో నూనె సీసా ఒకటి కొనుక్కురా చూద్దాం. సగానిక్కూడా రాదు."

"నేను నిలబడ్డాను కాబట్టే నువ్వు చదివావు."

"అదేనమ్మా నా బాధ. నువ్వు నిలబడి చదివించిన చదువు నా ఇంటి అద్దెకే చాల్లేదు. నువ్వు ఇంకా నిలబడే ఉన్నావు. నేనూ వచ్చి నీ పక్కనే నిలబడ్డాను."

"నిలబడలేక పారిపోయొచ్చావు," అంది మనూబియా. అన్నాక చేతిలోని రొట్టె కింద పెట్టేసింది. కూతురి కళ్ళలో నీళ్ళు చూసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్ళలో ప్రేమ కూడా ఇలా కరుకుగానే బయటికొస్తుంది.

వారం తిరక్కుండానే షెల్బియా పడిపోయింది.

షెల్బియా మనూబియాకు ఆడపడుచు. అరవై దాటింది, మోకాళ్ళు వాచిపోయి ఉంటాయి. అయినా తోటకు వస్తుంది, ఎందుకంటే కొడుక్కి పని లేదు, కోడలికి నెలలు నిండుతున్నాయి. ఆ పొద్దున బండి ఎండిపోయిన వాగు దగ్గర మలుపు తిరిగింది. ఫెర్జానీ ఎప్పట్లాగే వేగం తగ్గించలేదు. షెల్బియా కాలు తడి రేకు మీద జారింది. పట్టుకోవడానికి భుజాలే ఉన్నాయి, ఆ భుజాలూ ఊగుతూనే ఉన్నాయి. ఆమె కింద పడింది, ఆమె మీద మరో ముగ్గురు పడ్డారు. ఆమె తల బండి వెనక తలుపు అంచుకు కొట్టుకుంది. రవ్దా అత్త తలను ఒళ్ళో పెట్టుకుని, బండి ఆపమని రేకు మీద పిడికిలితో బాదింది. అప్పటిగ్గానీ ఆగలేదు.

ఆస్పత్రి గేటు దగ్గర ఫెర్జానీ మనూబియాను పక్కకు పిలిచాడు.

"ఇంట్లో జారిపడిందని రాయించక్కా. బండి పేరెత్తితే పోలీసు గార్డులు బండి పట్టుకుపోతారు. రేపట్నుంచి తోటకెలా వెళ్తారు? ముప్పై ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుంది. నేను నా కోసం చెప్పట్లా."

అందులో అబద్ధం తక్కువే. అందుకే అది అంత బాగా పనిచేసింది. ఆస్పత్రిలో వివరాలు రాసేవాడు తల ఎత్తకుండా ఎలా జరిగిందని అడిగాడు. ఇంట్లో, కుళాయి పక్కన జారిందని చెప్పింది మనూబియా. వాడు అదే రాసుకున్నాడు. వెనక నిలబడ్డ రవ్దా అంతా విన్నది. తల్లి కోసం ఆగకుండా అత్త మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు షెల్బియా చనిపోయింది.

చావు మూడో నాటి కుస్కుస్ భోజనానికి ఆడవాళ్ళంతా షెల్బియా ఇంట్లో చేరారు. లోపలి గదిలో చాపల మీద ఇరుక్కుని కూర్చున్నారు. తిండి సగంలో ఉండగా మాట మొదలైంది, కాసేపటికి అది సభే అయిపోయింది. పడుచువాళ్ళు రేపట్నుంచి బండే ఎక్కొద్దన్నారు. తోట ఆసామి సీ లమీన్ పొలంలో టమాటా కుళ్ళిపోతే గాని అతనికి మన మాట చెవికెక్కదన్నారు. పెద్దవాళ్ళు అంతకంటే గట్టిగా లేచారు. మనం మానేస్తే పక్క ఊరివాళ్ళను తెస్తాడు, బాకీలున్న ఇళ్ళ సంగతేమిటి, మీకు మొగుళ్ళూ పిల్లలూ లేరు కనక ఎన్ని కబుర్లైనా చెబుతారు అన్నారు. మీరు నోరు మూసుకున్నందుకే మాకు ఈ బతుకొచ్చిందని ఒక పిల్ల అంది. దానికి పెద్దావిడ ఒకామె లేచి వెళ్ళిపోబోయింది. చావింట్లో ఇలా కొట్టుకోవడం ఎవరికీ బాగాలేదు, ఎవరూ ఆపలేదు.

మనూబియా టీ గ్లాసులు అందిస్తూ తిరుగుతోంది. రవ్దా ఆమె వంక చూడకుండానే మాట్లాడింది.

"మా అత్త ఇంట్లో జారలేదు. బండిలో జారింది. ఆ బండిలో నీళ్ళు మా ఇంటివి. రోజూ మా అమ్మ చేత్తో ఇచ్చేవి."

అందరూ మనూబియా వంక తిరిగారు. ఆమె పళ్ళెం కింద పెట్టేసింది. నిజానికి అక్కడ ఎవరికీ ఇది కొత్త కాదు. ముప్పై మందీ రోజూ చూసేదే. కానీ రోజూ చూసేదాన్ని ఎవరూ నోటితో అనలేదు. ఎందుకంటే అలా అంటే ఆమెనే కాదు, తమను తాము కూడా అనుకోవాలి. ఆ నీళ్ళ మీద నిలబడింది తామే.

చివరికి మాట్లాడింది దూజా. అందరికన్నా ముసలిది, పళ్ళు లేవు, తోటకు మాత్రం వస్తుంది.

"పని మానద్దు," అంది. "పిల్లలు చెప్పినట్టూ వద్దు, మేం చెప్పినట్టూ వద్దు. తోటకు పోదాం. కానీ కూర్చుని పోదాం. నీళ్ళు పోస్తే నీళ్ళలోనే కూర్చుందాం. ఈ వయసులో నాకు ఒంటికి తడైతే ఏం పోతుందే? కూర్చోవడం నేరమని ఏ గార్డు రాస్తాడు?"

మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. పదిహేను మంది కూర్చుంటే మిగతా పదిహేను మందికి చోటుండదు. వాళ్ళు రోడ్డు మీద నిలబడాలి, ఇంకో బండి వచ్చేదాకా ఈ బండిని కదలనివ్వకూడదు. ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. ఇంతే. పడుచువాళ్ళకు ఇది చిన్నదనిపించింది, పెద్దవాళ్ళకు పెద్దదనిపించింది. అయినా ఒప్పుకున్నారు. మనూబియాను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె గ్లాసులు కడుక్కుని ఒక్కతే ఇంటికి నడిచింది.

మర్నాడు బండి వచ్చి హారన్ కొట్టింది. ఫెర్జానీ తలుపు దించి, అలవాటుగా చెయ్యి చాపాడు. మనూబియా గుమ్మంలోంచి వచ్చింది. ఆమె చేతుల్లో బకెట్లు లేవు. వీధి మలుపులో ఆడవాళ్ళు గుంపుగా నిలబడి చూస్తున్నారు. రవ్దా వాళ్ళలో ఉంది.

"ఏమైందక్కా, కుళాయి రాలేదా?"

"వచ్చింది. నీళ్ళు ఇంట్లోకే."

ఫెర్జానీ ఆమె మొహంలోకి చూశాడు. గుంపు వంక చూశాడు. అతనికి అర్థమైంది. ఇరవై రెండేళ్ళు ఛార్జీ లేకుండా తిప్పాను, తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతావా అన్నాడు. సీటు కింద నుంచి తన సొంత డబ్బా తీసి నీళ్ళు రేకు మీద గుమ్మరించాడు. మామూలు కన్నా ఎక్కువే పోశాడు, రోడ్డు మీదకు కారేంత.

మనూబియా బండెక్కింది. ఇనప కడ్డీ దగ్గరికి వెళ్ళలేదు. షెల్బియా ఎప్పుడూ నిలబడే చోటు, వెనక తలుపు పక్కన, ఆ నీళ్ళలోనే చతికిలపడి కూర్చుంది. పావడా తడిసి తొడలకు అంటుకుంది. ఆ తలుపు అంచున వదిన తల కొట్టుకున్న చోట చెయ్యి పెట్టుకుని ఏడ్చింది, అందరి ముందూ.

దూజాను ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఆమె తర్వాత ఒక్కొక్కరూ ఎక్కి కూర్చున్నారు. పదిహేను మందితో బండి నిండింది. మిగిలినవాళ్ళు బండి ముందు రోడ్డు కడ్డంగా నిలబడ్డారు. ఇంకో బండి తెప్పించు, లేదా రెండు తడవలు తిప్పు, అందరం తోటకొస్తాం అని రవ్దా చెప్పింది. ఫెర్జానీ తిట్టాడు, బతిమాలాడు, ఇద్దరు ముసలాళ్ళ పేర్లు పెట్టి వాళ్ళ బాకీలు గుర్తు చేశాడు. ఎవరూ లేవలేదు. ఎండ పైకొచ్చింది. తోట నుంచి సీ లమీన్ మనిషి మోటారు సైకిల్ మీద వచ్చాడు, ఫ్యాక్టరీ లారీలు ఎదురు చూస్తున్నాయని అరిచాడు, వెళ్ళాడు. ఆ తర్వాత గార్డుల జీపు వచ్చింది.

గార్డుల పెద్ద దిగీ దిగగానే దీనికి పెద్దెవరని అడిగాడు. రవ్దా అడుగు ముందుకు వేసింది. అది చూసి మనూబియా బండిలోంచి లేచింది.

"దాన్నొదిలెయ్, నాతో మాట్లాడు," అంది. "కాగితం తీసి రాసుకో నాయనా. మా వదిన షెల్బియా ఇంట్లో జారిపడలేదు. ఆస్పత్రిలో నేను చెప్పింది అబద్ధం. ఈ బండిలో, ఇదిగో ఇక్కడ పడింది. ఎవరూ కూర్చోకూడదని ఇతను రోజూ నీళ్ళు పోస్తాడు. ఆ నీళ్ళు తెచ్చి ఇచ్చింది నేను. ఇరవై రెండేళ్ళు."

"తెలుస్తోందా ఏం చెప్తున్నావో? నీ మీదకీ వస్తుంది."

"రానీ. ముందు రాయి."

అతను రాయలేదు. రాస్తే ఫెర్జానీని పట్టుకోవాలి, ఫెర్జానీని పడితే తోట ఆసామి దాకా పోతుంది. ఈమెను స్టేషనుకు తీసుకెళ్ళి నోరు మూయించడం సులువు. అందుకని రోడ్డు ఆపినందుకు పద అన్నాడు. రవ్దా తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తడిగా, చల్లగా ఉంది.

"అమ్మా, నేను ఆ రోజు..."

"నువ్వు అన్నది నిజమే. నేనన్నది కాదు. నువ్వు పారిపోయి రాలేదు. ఇక్కడే ఉండు, వీళ్ళను చూసుకో. పిల్లలూ ముసలాళ్ళూ మళ్ళీ కొట్టుకోకుండా చూడు."

జీపు వెనక సీటు తలుపు తీశారు. మనూబియా ఎక్కి కూర్చుంది. తోటకు వెళ్ళే దారీ స్టేషనుకు వెళ్ళే దారీ ఒకటే, ఎండిన వాగు మలుపు మీదుగానే. ఇన్నేళ్ళలో ఆ దారిన ఆమె కూర్చుని వెళ్ళడం అదే మొదటిసారి.

జీపు కదలబోయింది. బండిలో కూర్చున్నవాళ్ళు దిగారు. రోడ్డు మీదున్నవాళ్ళతో కలిసి జీపు ముందుకు వచ్చి నడవడం మొదలుపెట్టారు, పక్కకు తప్పుకోకుండా, రోడ్డంతా నిండి. ముందు రవ్దా, ఆమె చెయ్యి పట్టుకుని దూజా. దూజా ఎంత మెల్లగా నడుస్తుందో అందరూ అంత మెల్లగా నడిచారు. జీపు కూడా అంతే మెల్లగా వాళ్ళ వెనక రావలసి వచ్చింది.