డ్రమ్స్ ఆగిన తరువాత

నలభై సెకన్లు ఉండదు, ఇరవై ఉంటుందేమో, మళ్ళీ వెనక్కి తిప్పి వినాలి, వద్దు, పొద్దుటి నుంచి నాలుగుసార్లు విన్నాను, అయినా ఎవరు దాచమన్నారు ఈ క్యాసెట్టును, నలభై ఐదేళ్ళు ఎవరి అటక మీదో పడి ఉన్నది ఇప్పుడు దొరకాలా, నెవ్ మాత్రం పోయిన వారం ఎంత సంబరంగా ఫోను చేశాడు, గ్లెనిస్, మన ఆఖరి కచేరీ దొరికిందే, గ్రిమ్స్‌బీది, పోస్టులో పంపుతున్నా, విని ఉండు, గురువారం వస్తా, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం అని, గురువారం అంటే ఇవాళే, పదకొండింటి బస్సుకు దిగుతాడు, పదిన్నర దాటింది, టీకి నీళ్ళు కూడా పెట్టలేదు.

ఆఖరి కచేరీ అంటే ఏదో వందోది అన్నట్టు, మొత్తం పదకొండే కదా, పదకొండు కచేరీలు, రెండు పాటల రికార్డు ఒకటి, పది నెలల బతుకు, హల్ రేవులో చేపల పడవలు ఒక్కొక్కటే తుక్కుకు పోతున్న రోజులు, రాయ్ వాళ్ళ నాన్న పడవ దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు, ఆ కోపమంతా రాయ్ గొంతులో ఉండేది, గిటారు గీకుతూ పాడేవాడు, పాడటమేమిటి అరవడం, నెవ్‌ది డ్రమ్స్, నాది బేస్ గిటారు, మా వెనక గది గోడలు చెమ్మకు పొక్కిపోయి ఉంటే అదే మా పేరైంది, చెమ్మగోడలు, అమ్మ తలుపు తోసుకొచ్చి, ఏంటే ఆ రోత, పిల్లి ఇల్లొదిలి పోయింది, నీకంటే పొడుగున్న ఆ దుంగ నీకెందుకే అనేది, ఎందుకో చెప్పలేకపోయేదాన్ని, రోజంతా ఫ్యాక్టరీలో చేపలు కోసే పిల్లను, బస్సులో పక్క సీట్లో ఎవరూ కూర్చునేవారు కాదు, ఆ దుంగ భుజాన తగిలిస్తే మాత్రం నేలంతా నా మాట వినేది.

గ్రిమ్స్‌బీ క్లబ్బువాళ్ళు మమ్మల్ని డాన్సు పాటల బృందమనుకుని పిలిచారు, రెండో పాటకే ఒకడు లేచి, నిక్కబొడిచిన రాయ్ జుట్టు చూసి, ఒరేయ్ ముళ్ళపందీ, దిగరా కిందికి అన్నాడు, రాయ్ ఊరుకుంటాడా, నువ్వే ఎక్కు బాబాయ్, మోకాళ్ళు సహకరిస్తే అన్నాడు, జనం నవ్వారు, ఆ నవ్వులోంచే బీరు గ్లాసు వచ్చింది, నెవ్ ఎడమ కంటికి, ఆ కన్ను మరి రాలేదు, ఆసుపత్రిలో నెవ్‌తో చెప్పాను, అమ్మతో చెప్పాను, తరువాత నా కూతురితోనూ చెప్పాను, డ్రమ్స్ ఆగగానే నేనూ ఆపేశాను అని, చెప్పి చెప్పి నేనే నమ్మాను, క్యాసెట్టులో డ్రమ్స్ కూలిన చప్పుడు ఉంది, నెవ్, నెవ్ అని రాయ్ కేక ఉంది, గిటారు లేదు, బేస్ ఉంది, ఒక్క స్వరం తప్పకుండా, ఇంకాస్త వేగంగా.

రాయ్ ఆ తరువాత సముద్రంలో చమురు పనికి పోయాడు, నెవ్ అయితే కంటి కట్టు విప్పకముందే, ఒంటి కంటితోనైనా నీకంటే బాగా వాయిస్తా, పద అన్నాడు, నేనే మళ్ళీ బేస్ ముట్టలేదు, పాపం, నెవ్ కన్ను పోయిందని ఎంత బాధపడుతోందో అనుకున్నారంతా, అనుకోనిచ్చాను.

ఇవాళ బస్సెక్కే ముందు నెవ్ మళ్ళీ ఫోను చేశాడు, విన్నావా, నువ్వు ఆపలేదే, నాకు అప్పుడే తెలుసు, కిందపడ్డాక ఏమీ కనిపించలేదు, నీ బేస్ ఒక్కటే, దాన్ని పట్టుకునే స్పృహలో ఉన్నా, నాకోసమే కదూ అన్నాడు అరవై ఆరేళ్ళవాడు, మరి ఇంకెవరి కోసం అన్నాను, నవ్వాను కూడా.

చూడలేదా నేను, చూశాను, నా కాళ్ళ దగ్గరే పడ్డాడు, గాజుముక్క నా బూటు కింద నలిగింది, తల ఎత్తితే హాలు హాలంతా లేచి నిలబడి నోరు మూసుకుని నన్నే చూస్తోంది, నన్ను, చేపలు కోసే గ్లెనిస్‌ను, ఇప్పుడు ఆపకు అనుకున్నాను, అంతే అనుకున్నాను, అందులో నెవ్ లేడు, గేటు చప్పుడైంది, వచ్చేశాడు, ఆ కన్నుకు ఇన్నేళ్ళూ ఒక అర్థం కట్టుకుని బతికాడు, దాన్ని లాక్కునే హక్కు నాకుందా, ఏమో, కానీ ఆ ఇరవై సెకన్లంత సంతోషంగా నేను ముందూ లేను, తరువాతా లేను, అందుకే మళ్ళీ బేస్ ముట్టలేదు, అతని కన్ను కోసం కాదు, నాకు భయమేసి.