వియ్యాలవారి ముందు నోరు

"సిమ్యులేషన్ చేసి మరీ పళ్ళ కుర్చీ మీ ఊళ్ళో వేశాం" అని మైకులో చెప్పారు పళ్ళ డాక్టరమ్మగారి బావగారు. ఊరికి మాత్రం సిమ్ములూ, రేషనూ అని వినబడింది. మొదటిరోజు జనం సంచులతో బారులు తీరారు. లోపల పట్టకారు చూసి, ఖాళీ సంచులతో, గట్టిగా మూసిన నోళ్ళతో తిరుగుముఖం పట్టారు. ఆ తర్వాత కుర్చీ మీద ఈగ కూడా వాలలేదు.

బావగారు కంప్యూటరు మనిషి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ కంప్యూటరులోకి దించి, ఉత్తుత్తి మనుషుల్ని పుట్టించి, వాళ్ళ నోళ్ళలో ఉత్తుత్తి పిప్పిపళ్ళు పెట్టి, నొప్పొస్తే ఎటు పరిగెడతారో చూశారు. అందరూ నడిమధ్యనున్న ఈ ఊరికే పరిగెత్తారు. అసలు జనం మాత్రం దవడలు పట్టుకుని పట్నం బస్సెక్కుతున్నారు.

ఈ వారంలో ఒక్క నోరైనా తెరుచుకోకపోతే కుర్చీ ఎత్తేస్తామన్నారు పైవాళ్ళు. కుర్చీ పోతే డాక్టరమ్మ ఉద్యోగమూ ఊడుతుంది, అదీ మత్తుసూది లేకుండా.

"చూడు మరదలా, నా జనం ఎలా ఎగబడుతున్నారో" అని బావగారు తెర చూపించారు.

"మీ జనానికి పన్ను పీకినా రక్తం రాదు బావా. నాకు రక్తం వచ్చేవాళ్ళు కావాలి."

వారం చివరిరోజు పొద్దున్నే ఆమె కిటికీలోంచి చూసింది. అరుగు మీద ఒకావిడ కొంగుతో బుగ్గ నొక్కుకుని కూర్చుంది, లోపలికి మాత్రం రావడంలేదు. ఎదుటి గోడ చాటున ఒకాయన, తలకి తువ్వాలు చుట్టుకుని తొంగిచూస్తున్నాడు. ఆయన తల బయటపెడితే ఆవిడ ఏదో పోగొట్టుకున్నట్టు నేల వెతుకుతుంది. ఆవిడ తలెత్తితే ఆయన గోడకి అతుక్కుపోతాడు.

డాక్టరమ్మ వెళ్ళి ఆయన్ని నిలదీసింది.

"ఆవిడ మా వియ్యపురాలండి" అన్నాడాయన, పెదవి కదపకుండా. "మా వంశంలో పన్ను పుచ్చినవాడే లేడని పెళ్ళి మాటల్లో కోతలు కోశాను."

ఆవిడనడిగితే ఆవిడ కథా అదే. తన కూతురికి తన పలువరసే వచ్చిందని ఆయన ముందు గొప్పలు పోయిందట.

డాక్టరమ్మకి అప్పుడు వెలిగింది. నడిమధ్య ఊరు కాబట్టి దారులన్నీ ఇక్కడికే వస్తాయి. దారులొచ్చిన చోటికే సంబంధాలూ వస్తాయి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇది వియ్యాలవారి ఊరు. వియ్యాలవారి ముందు వాచిన బుగ్గతో ఎవడు తిరుగుతాడు?

బస్సు కోసం వీధిలో మూగిన జనాన్ని ఆమె గుమ్మంలోంచే కేకేసి పిలిచి, సంగతంతా విప్పి చెప్పింది. మీరు ఎవరిని చూసి సిగ్గుపడుతున్నారో వాళ్ళూ మిమ్మల్ని చూసే సిగ్గుపడుతున్నారు, ఈ వీధిలో నొప్పి లేని దవడ నాదొక్కటే, అంది.

గోడ చాటు నుంచి బయటికొచ్చి తువ్వాలు విప్పాడు వియ్యంకుడు.

"ముందు మీరు పీకించుకోండి చెల్లెమ్మగారూ."

"అయ్యో, మీ తర్వాతే అన్నయ్యగారూ."

ఆ మర్యాదలు తేలేలోపు గుమ్మం నుంచి వీధి మలుపు దాకా వరస కట్టారు. బావగారు అయోమయంగా తన తెరకేసీ, ఆ వరసకేసీ చూశారు.

"లెక్కలో తప్పెక్కడుంది మరదలా?"

డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుంటూ, అందరికీ వినబడేట్టే చెప్పింది: "మీ వాళ్ళకి పళ్ళిచ్చారు, కాళ్ళిచ్చారు, నొప్పీ ఇచ్చారు. వియ్యాలవాళ్ళని ఇవ్వలేదు బావా."