నాగార్జున పడిన తీరు

సకల జనుల సమ్మె ముగిసి బస్సులు మళ్ళీ రోడ్డెక్కిన కార్తీకమాసం. రాబోయే జిల్లా పోటీలో మా అబ్బాయి శైలేందర్‌కు మలక్‌పేట కుర్రాడు జోడీగా పడ్డాడు. వాడిది బరువైన చేయి. ముఖం కాచుకుంటూ పాయింట్లు తెచ్చుకోవాలి, లేదా ఒక్క గుద్దుతో పడగొట్టాలి. ఆ గుద్దు మావాడికి ఉందా అన్నది తేల్చాల్సింది జంగయ్య. ఎల్బీనగర్‌లో రేకుల షెడ్డు కింద బాక్సింగ్ నేర్పుతాడు.

జంగయ్య కొట్టేవాడి చేయి చూడడు, తగిలినవాడి మోకాళ్ళు చూస్తాడు.

"చప్పుడు మోసం జేస్తది బిక్షమన్నా. మోకాళ్ళు జెయ్యవు" అంటాడు.

ఆ సోమవారం సాధనలో మావాడి ముందు నాగార్జున నిలబడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి పిల్లవాడే, గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. కాసేపటికే శైలేందర్ గుద్దుకు వాడి మోకాళ్ళు మడతపడ్డాయి.

"ఉన్నది. గీనికి నాకౌట్ చెయ్యి ఉన్నది. ఇగ మొఖం కాసుడు ఆపి, గార్డు దించి కొట్టుడే" అన్నాడు జంగయ్య.

సాయంత్రం శివాలయంలో నాగార్జున తల్లి కుసుమకుమారి గారు నా పక్కనే దీపాలు పెడుతున్నారు.

"మావాడు ఇంకా రాలేదండీ. నక్షత్రం కనబడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టడు. ప్రతి కార్తీక సోమవారం అంతే" అన్నారు.

వత్తి వెలిగించబోతున్న నా చేయి ఆగిపోయింది. నీ కోసం ఎండిన కడుపు నా కొడుకు బలంగా లెక్కకు వచ్చిందే, ఇదేం న్యాయం అని శివుణ్ణి అడిగాను.

జంగయ్యకు చెప్పాను. కాదనలేదు. "అయితే బుధవారం మళ్ళ చూద్దాం. కడుపునిండ తిని రమ్మను" అన్నాడు.

ఈ సంగతి వీధంతా పాకింది. బుధవారం షెడ్డు గుమ్మం నిండా కుర్రాళ్ళు, తెలంగాణ ర్యాలీ నుంచి అటే వచ్చినట్టున్నారు.

"ఏం నాగార్జునా, మొన్న ఒక్కపొద్దంటివి. ఇయ్యాల ఏంది, జరమా?"

"ఇయ్యాల పడకపోతే బెజవాడ బస్సెక్కిస్తం, టికెట్ మాదే."

అందరూ నవ్వారు. నాగార్జున కూడా నవ్వాడు.

శైలేందర్ కుడిచేయి వాడి చెంపకు తగిలింది. నాగార్జున ఒక్కసారి గుమ్మం వైపు చూశాడు. తరవాత మోకాళ్ళు వంచాడు. ఒళ్ళు నేలకు తగలకముందే ఎడమ అరచేయి ఆన్చి, గుళ్ళో కూర్చున్నంత నెమ్మదిగా కూలబడ్డాడు. జంగయ్య మోకాళ్ళే చూస్తున్నాడు.

"గదే" అన్నాడు.

కుర్రాళ్ళు మావాణ్ణి భుజాలకెత్తుకున్నారు.

నేను నాగార్జునతో పాటు నడిచాను. "అరచెయ్యి ఎందుకు ఆన్చినవ్ బిడ్డా?"

"మేం ఈ వీధిలోనే ఉండాలి కదా అంకుల్" అన్నాడు.

"మరి మావాడు?"

"చేతులు దించొద్దని చెప్పండి. వాడి గుద్దులో అంత లేదు."

రాత్రి అన్నం దగ్గర ఆ మాటే చెప్పాను. శైలేందర్ ముద్ద పళ్ళెంలో వదిలేశాడు.

"నాయినా, నువ్వెవరి దిక్కు?"

"నీ దిక్కేరా."

వాడు చేయి కడుక్కుని బయటికి పోయాడు. మర్నాడు అరచేయి సంగతి జంగయ్యను అడిగితే, "రెండుసార్లు జూసిన గదన్నా, ఇంకెన్నిసార్లు జూడాలె" అన్నాడు. ఆయన కళ్ళతో చూసింది ఆయన చెప్పాడు. తప్పు ఎక్కడుందని పట్టుకోను?

పోటీలో రెండో రౌండు. మావాడు ఎడమచేయి దించి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. గుద్దు సూటిగా తగిలింది. మలక్‌పేట కుర్రాడి మోకాళ్ళు కదలలేదు. వాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

వాడి చేయి నేను చూడలేదు. నా కొడుకు మోకాళ్ళే చూస్తున్నాను. అవి మడతపడ్డాయి. అరచేయి ఆన్చుతాడేమోనని చూశాను. ఆన్చలేదు.